సొలాంజ్ సరిచూడని జ్ఞాపకం

"మీరు నన్ను చూసి నవ్వారు. నవ్వి, మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు," అంది సొలాంజ్.

అంతకు ముందు క్షణమే ఆమెను ప్రేమిస్తున్నానని చెప్పాను. నేను ఊహించుకున్న జవాబుల్లో ఇది లేదు.

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందట. ఇక్కడ నా మొదటి ఉపన్యాసంలో."

"నేను మనసు పారేసుకున్నదే ఆ రోజు. నీలం స్కార్ఫ్‌తో వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకసారి నా వంక చూశారు. అంతే."

"డాక్టర్ గిల్లిస్," అంది. కోపం వస్తే నా పేరు ఇన్నిస్ అని ఆమెకు గుర్తుండదు. "ఇప్పుడు ఇష్టం కలిగింది కాబట్టి ఆ రోజుకు రంగులు వేసుకుంటున్నారు. అందరి మనసూ చేసే పనే అది."

హాలిఫాక్స్‌లో మా మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆమె గది నా గదికి ఎదురుగా ఉంటుంది. జరగనిదాన్ని జరిగినట్టుగా మనిషి ఎలా గుర్తుపెట్టుకుంటాడన్నది ఆమె పరిశోధన. ఒకసారి కోర్టులో నిపుణురాలిగా, "సాక్షి అబద్ధం చెప్పలేదు, తన జ్ఞాపకం చెప్పింది. ఆ రెండూ వేరు, నిజం ఇంకా వేరు," అని ఆమె అంటుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆమె నాకేమీ కాదు. అయినా పక్కన కూర్చున్నవాడికి, ఆమె మా విభాగమేనని గర్వంగా చెప్పాను.

కెనడాకు అవతలి కొసన, వాంకూవర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆమె ఉండమంటే ఉంటాను, లేదంటే వెళ్ళిపోతాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఉపన్యాసాలన్నీ వీడియో తీస్తారుగా. సరిచూద్దాం," అన్నాను.

ఆఫీసులో మిసెస్ థెరియో మఫిన్ తింటోంది. మా అందరికంటే ముందు నుంచీ ఆ విభాగాన్ని నడుపుతున్న మనిషి. విషయం వినగానే మఫిన్ పక్కన పెట్టింది.

"నువ్వు బయట నిలబడు నాయనా. ముందు అమ్మాయి చెబుతుంది, తర్వాత నువ్వు."

అది సొలాంజ్ పెట్టిన నియమమే. ఇద్దరు సాక్షులు ముందే మాట్లాడుకుంటే ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో కేకు ముక్క ఎవరు తిన్నారన్న గొడవైనా మా వరండాలో ఇలాగే తేలాలి.

"అదీ..." సొలాంజ్ నేల చూపులు చూసింది. "ఇద్దరం ముందే చెప్పేసుకున్నాం."

"బాగుంది. ఊరంతటికీ పాఠాలు చెప్పే పిల్లవి, నువ్వే ముందు వాగేశావా?"

నియమం పెట్టిన మనిషే దాన్ని మరిచిపోయింది. నాకు కాస్త ఆశ పుట్టింది.

ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. వీడియోలో సొలాంజ్ బూడిదరంగు స్వెట్టర్‌లో ఉంది. స్కార్ఫ్ లేదు. వాళ్ళ పిన్ని మతిమరుపు మీద ఒక జోకు వేసింది. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలో ఒక్కడే పగలబడి నవ్వాడు. నేనే. కాసేపటికి లేచాను. వాన జల్లు ఆమె కాగితాల మీద పడుతుంటే కిటికీ మూసి, తిరిగి వచ్చి కూర్చున్నాను. ఆమె మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా నా వంక చూడలేదు.

"నవ్వింది నా జోకుకా," అంది సొలాంజ్ మెల్లగా.

"బాగుంది మరి."

మిసెస్ థెరియో సొలాంజ్ వైపు తిరిగి సర్దుకు కూర్చుంది. "ఆ రోజు ఉపన్యాసానికి ముందు నేనే అన్నాను నీతో. కేప్ బ్రెటన్ నుంచి ఒకడొచ్చాడు, తప్పులు పట్టే రకం అని."

"మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. నీ కనుబొమలు చూసి అనుకున్నా."

నాకు నవ్వు రాలేదు. లేని చూపును తలుచుకుంటూ రెండేళ్ళు బతికాను. లేచి కోటు అందుకున్నాను. "మీరన్నదే నిజం. మీరసలు నన్ను చూడనే లేదు."

ఆమె సిగ్గుపడుతుందనుకున్నాను. తల పైకెత్తింది. "ఇద్దరిదీ తప్పే. ఒక ముఖం గురించి ముందే ఒక మాట చెవిన పడితే ఆ ముఖంలో అదే కనబడుతుందని ఆ రోజు నేను చెబుతున్నాను. చెబుతూ చెబుతూనే అందులో పడ్డాను. నా సిద్ధాంతం నన్ను కూడా వదల్లేదు, చూశారా?"

ఓడిపోయి అంత గర్వంగా నిలబడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత దగ్గరకొచ్చి నా కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈసారి నిజంగానే చూస్తున్నాను. వాంకూవర్ వెళ్ళకు."

మిసెస్ థెరియో మఫిన్ చేతిలోకి తీసుకుంది. "నేను సాక్షినా, బయటికి పోవాలా?"

ఇప్పుడు ఎవరడిగినా సొలాంజ్, ఆ సాయంత్రం బయట కుండపోత వాన అంటుంది. ఆమె జుట్టు మీద పడిన ఎండ నాకింకా గుర్తుంది. మంచు కురిసిందని మిసెస్ థెరియో ఒట్టేస్తుంది. వాతావరణ కేంద్రానికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

న్యాయమూర్తులకే జ్ఞాపకాన్ని నమ్మకండని చెప్పే నా భార్య, ఆ ఫోన్ మాత్రం ఇంతవరకూ చేయలేదు. నేనూ చేయమనలేదు.