కళ్ళు పెట్టని పటం

ఆషాఢ అమావాస్య... మిట్ట మధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన ఉండవలసిన వేళ సూరత్ మీద కారుచీకటి కమ్మింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు! ఊరి చివరి ఉన్ ప్రాంతంలో ఏనాడో మూతపడిన మరమగ్గాల షెడ్డు మీద, పగలు కళ్ళు తెరవని గుడ్లగూబ గొంతు చించుకుని కూసింది... ఒకసారి... రెండుసార్లు... మూడోసారి!

షెడ్డులోపల, ముగ్గు మధ్యలో మనిషి పుర్రె. దాని చిప్పలో చిక్కగా నూరిన ఎర్రటి ఇంగిలీకం రంగు. ఎదురుగా మాంత్రికుడు నరహరి. పాత మగ్గానికి తాళ్ళతో కట్టేసి ఉంది ఇరవై ఏళ్ళ విజయశ్రీ! జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి, తాళ్ళు తెగేలా గింజుకుంటోంది. ఇరవై రోజులుగా ఆ పిల్లకు తిండి లేదు, నిద్ర లేదు.

ఆమె తండ్రి లక్ష్మీరాజం గోడ దగ్గర కుంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పుట్టింది బొమ్మలు వేసే నకాషీల ఇంట. తాతతండ్రులు కులపురాణాల పటాలు వేసి బతికారు. పురాణం చెప్పించుకునేవాళ్ళు కరువై, పొట్ట చేతబట్టుకుని సూరత్ వచ్చి మగ్గం నడిపాడు. చేతిలోని విద్య ఊరుకుంటుందా? పద్దెనిమిదేళ్ళుగా ముప్పై మూరల గుడ్డ మీద తనవాళ్ళ వలసనే పటంగా వేస్తున్నాడు. పరుపు చుట్టలతో రైలెక్కినవాళ్ళు... ఒక్క గదిలో పన్నెండుగురు ముడుచుకుని పడుకున్నవాళ్ళు... మగ్గాల దుమ్ముకు దగ్గి దగ్గి ఇక్కడే కన్నుమూసినవాళ్ళు... వాళ్ళలో ఆయన భార్య సమ్మక్క కూడా.

కానీ ఆ పటంలో ఒక్కరికీ కళ్ళు లేవు!

నకాషీలు కళ్ళు చివరన పెడతారు. అదీ పటాన్ని కథ చెప్పేవాళ్ళ చేతికిచ్చే రోజున. కళ్ళు పెడితే బొమ్మకు ప్రాణం వచ్చినట్టే! వలస కూలీల కథ చెప్పడానికి ఎవరొస్తారు? అందుకే ఆ ముఖాలు అలాగే ఉండిపోయాయి.

షెడ్డు గోడ పొడవునా వేలాడదీసిన ఆ పటం చివర ఇవాళ కొత్త ముఖం చేరింది. అది విజయశ్రీది.

"ఇగ కండ్లు పెట్టు, లక్ష్మీరాజం! పట్టిన గాలి బొమ్మల జొరబడ్తది. నీ బిడ్డ బతుకుతది!" నరహరి గర్జించాడు.

అబద్ధం! పచ్చి అబద్ధం! పటంలోకి పోయేది గాలి కాదు... ఆ పిల్ల ప్రాణం! దాన్ని గుడ్డలో బంధించి జన్మంతా ఊడిగం చేయించుకోవాలని ఆ దుర్మార్గుడి పన్నాగం. అందుకు నకాషీ చేయి కావాలి. పాపం, బిడ్డ మీది భయంతో ఆ తండ్రి వాడి మాట నమ్మాడు.

కుంచె రంగులో మునిగింది...

"వద్దూ...!" విజయశ్రీ కేక పెట్టింది. ఆ గొంతు ఆమెది కాదు!

"దయ్యం మాట ఇనకు! పెట్టు!"

"ఏమయ్యా... పటంల నా ముక్కుపుల్ల ఎడమదిక్కు ఏసినవ్. నాది కుడిదిక్కు గదా. గప్పుడు చెప్తె దిద్దుత అన్నవ్. ఇంకెప్పుడు దిద్దుతవ్?" అంది ఆ గొంతు.

లక్ష్మీరాజం చేయి ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ఆస్పత్రికి పోయే ముందురోజు, పటం చూసి మూతి విరిచి సమ్మక్క అన్న మాట అది. మూడో మనిషికి తెలియదు.

"సమ్మక్కా... నువ్వా? బిడ్డను పట్టింది నువ్వేనా?"

"ఈడు దాని మీద మంత్రం ఏసిననాడే వచ్చి అడ్డం నిలవడ్డ. నా బలం అయిపోతున్నదయ్యా... దానికి కండ్లు పెట్టకు. నాకు పెట్టు!"

నరహరి పుర్రె పైకెత్తాడు. "అటు జరిగినవా... నీ బిడ్డ గీడనే రక్తం కక్కి సస్తది!"

హ్రీంకారాలు మిన్నంటాయి. విజయశ్రీ ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. ఎవరి మాట నమ్మాలి? తప్పితే బిడ్డ దక్కదు! లక్ష్మీరాజం పళ్ళు బిగించి పటం మొదటికి పరుగెత్తాడు. రైలు కిటికీ పక్కన సమ్మక్క కూర్చుని ఉంది. కుడి కన్ను... ఎడమ కన్ను!

ఫెళఫెళమని పిడుగు! కరెంటు లేని నలభై మగ్గాలూ ఒక్కసారిగా కదిలాయి! పటంలో సమ్మక్క నేత్రాలు నిప్పుల్లా రగిలాయి. మగ్గాల మీది పాత దారాలు బుసలు కొడుతూ లేచి నరహరిని చుట్టేశాయి. కాళ్ళు... నడుము... కంఠం!

"తల్లీ! నీ బాంచెను! ఇడిశిపెట్టు...!"

విడిచిపెడుతుందా? బిడ్డను కన్న తల్లి! మగ్గాలు ఆగేసరికి ఆ దారాల చుట్టలో గుప్పెడు బూడిద మిగిలింది. పుర్రె రెండు ముక్కలై పడింది.

"బాపూ... ఆకలైతుంది," అంది విజయశ్రీ, తన సొంత గొంతుతో. ఆయన కట్లు విప్పి, ఆమెను పొదువుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కానీ కళ్ళు పెట్టిన బొమ్మలో సమ్మక్క చిక్కుకుపోయింది. ఆమెకు విడుదల కావాలంటే నకాషీలకు తెలిసిన దారి ఒక్కటే. మనిషికి చేసినట్టే పటానికి కర్మ చేసి ఏటిలో వదలాలి.

సాయంత్రం తపతి నది ఒడ్డున ఆయన విజయశ్రీ ముఖమున్న ముక్కను కత్తిరించి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత, సమ్మక్కలాగే ఇక్కడే పోయిన మిగిలినవాళ్ళందరికీ, ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ, కళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు.

"బాపూ, పద్దెనిమిదేండ్లు ఏసినవ్ గదా! అమ్మ ఉన్న ముక్క ఒక్కటే కోసి ఇడిస్తె కాదా?"

"కాదు బిడ్డా. అందరు కలిసి రైలెక్కి వచ్చిండ్రు. అందరు కలిసే ఇంటికి పోవాలె."

ముప్పై మూరల పటాన్ని ఆయన రెండు చేతులతో నీళ్ళలోకి దించాడు.