తాండూరు బండల మధ్య గడ్డి

"గిరికీ ఆపుండ్రి కెప్టెన్! జల్ది!"

సీట్లు పీకేసిన వెనక క్యాబిన్‌లో మోకాళ్ళ మీద కూర్చుని ఏజెంట్ ప్రేమ్‌సాగర్ హెడ్‌సెట్‌లో అరిచాడు. ప్రయాణికుల బరువుకు బదులుగా పేర్చిన తాండూరు బండల సందులో పాదరసం స్విచ్ మెరుస్తోంది. విమానం తలకిందులైతే పాదరసం జారుతుంది, చిన్న బాంబు పేలి బండల బెల్టులు తెగుతాయి, టన్నుల కొద్దీ బండలు తోకలోకి దొర్లి విమానం కూలుతుంది. విమానం కింద వికారాబాద్ ఉంది.

"ఇప్పుడు ఆపలేను సర్," కాక్‌పిట్ నుంచి కెప్టెన్ శ్యామల. "రెక్క ఒరిగింది. నడుమల ఆపితే జారుతది, ఆ జారుడుకే పేల్తది."

"మరెట్ల?"

"గింత పెద్ద జెట్టు గిరికీ కొడ్తదా అని నవ్విన్రు గద? కొడ్తది. నేల మీద కూసున్నంత బరువే ఉండేటట్టు తిప్పాలె. వన్ జీ. గట్ల తిప్పితే తలకిందులైన సంగతి పాదరసానికి తెల్వనే తెల్వది."

ప్రేమ్‌సాగర్ పిస్టల్ ప్రియదర్శిని వైపు తిరిగింది. విదేశీ కొనుగోలుదారు వేషం, పట్టుచీర, రెండు వైపులా జీతం. కొనేవాళ్ళకు చూపిస్తున్న ఈ జెట్‌ను కూల్చి అమ్మకం చెడగొట్టాలని చూస్తున్న ముఠాలో ఉంటూనే, దాని కబుర్లు ప్రేమ్‌సాగర్ చీఫ్‌కు చేరవేస్తుంది.

"నువ్వే పెట్టినవ్!"

"ఈ గోళ్ళతో బండలు మోసిన్నా? ముఠాకు మీ మనిషి దొరికిండని కబురిచ్చిందే నేను. ఎవరో తెల్వదని గూడ చెప్పిన!"

కిటికీలో అనంతగిరి కొండలు నెత్తిమీదికొచ్చాయి. పాదరసం బొట్టు వణికింది.

జారలేదు.

కొండలు మళ్ళీ కిందికి దిగాయి. ప్రేమ్‌సాగర్ వైరు కత్తిరించాడు. అప్పుడు చూశాడు. పడుకోబెట్టి బిగించమన్న బండలు నిలబెట్టి ఉన్నాయి. సందుల్లో వరిగడ్డి. తాండూరు గనుల్లో లారీకెత్తే పద్ధతి. గడ్డికి కట్టిన తాడుది ఎడమచేతి ముడి. ఇట్లా కట్టొద్దని ఇంట్లో నాయన మత్తయ్య రోజూ తిట్టిన ఉల్టా ముడి.

బరువుకు నీళ్ళ పీపాలెందుకు, మా ఊరి బండలున్నాయన్నది ప్రేమ్‌సాగరే. మా ఇంటోళ్ళే సర్దినంక తనిఖీ ఎందుకన్నదీ అతనే. చెవులు కాలిపోయాయి. పిస్టల్ దించేశాడు.

"తప్పైంది," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

ప్రియదర్శిని ముడిని చూసింది, అతన్ని చూసింది. "నువ్వు విమానంల ఉన్నట్టు ఈ ముడి ఏసినాయనకు తెల్వదేమో."

"తెలుసు. పొద్దున మెట్లదాక వచ్చిండు. జాగర్త తమ్మీ అన్నడు."

రేడియో గరగరలాడింది. "శెభాష్!" చీఫ్ గొంతు. "ఆ అమ్మాయికి బేడీలు వేశావా?"

"ఆమె కాదు సర్."

"మరెవరు? పేరు చెప్పు."

కింద తాండూరు గనులు తెల్లగా, నోళ్ళు తెరుచుకుని వెళ్తున్నాయి.

"మీ దగ్గర ఉన్న పేరే సర్. నాకేమన్నా అయితే ఫోన్ చెయ్యమని నేనిచ్చిన పేరు." గడ్డి తాడు ముడి మీద వేలు పెట్టాడు.

"బాలస్వామి. మా అన్న."