పెట్రోలు మూతకి పెట్టిన బొట్టు

కార్తీక సోమవారం, తెల్లవారకుండానే గోదావరి స్నానానికి బయలుదేరాం. మా అత్తగారు బుల్లెమ్మగారు ముందురోజే అరటి దొప్పలు కోయించి, మామగారి పాత పంచె ముక్క తడిపి అందులో చుట్టి పెట్టుకున్నారు. వెనక సీట్లో ఆవిడ, పక్కన నేను, స్టీరింగు దగ్గర మా వారు శశిభూషణ్. కారు మామగారిది. పాత అంబాసిడర్. ఇరవై ఏళ్ళ పైన పాకలో పడి ఉంటే ఈ ఏడే బాగు చేయించారు.

"మీ నాన్నగారి కార్లో ఒక్కసారి గోదారికి తీసుకెళ్ళరా" అని ఆవిడ అడగబట్టి చేయించారు గానీ, ఆ కారంటే ఇంటిల్లిపాదికీ బెరుకే. మామగారు పార్థసారథిగారు పోయింది అందులోనే. మా ఇంట్లో పుట్టిన పిల్లలకీ, వచ్చిన కోడళ్ళకీ ఆ సంగతి చెప్పేది నేనే. పొడుగాటి మనిషి. కుడి బొటనవేలికి అడ్డంగా, కొబ్బరిబొండాం కొడుతుంటే తెగిన కత్తి గాటు. ఉబ్బసం. ఆ రాత్రి ఆయాసం ఎక్కువై రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, బొబ్బర్లంక రాకుండానే కాలవగట్టు మీద కారు ఆగిపోయింది. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. మా వారు బానెట్ ఎత్తి ఎన్ని పాట్లు పడినా కదల్లేదు. "ఊపిరి అందట్లేదే బుల్లెమ్మా" అంటూ ఆయన అత్తయ్య ఒళ్ళోనే కన్నుమూశారు.

ఎందుకు ఆగిందో మొన్నటిదాకా ఎవరికీ తెలీదు. రావులపాలెం మెకానిక్ దొరబాబు కారు మా ఇంటికి తెచ్చి అప్పజెబుతూ, పెట్రోలు ట్యాంకు పాత మూత మా చేతిలో పెట్టాడు.

"దీనికి సన్న బెజ్జం ఉంటాదండి. పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికెళ్ళాలి. ట్యాంకు కూడా ఊపిరి పీల్చుకోవాలి కదండీ. ఇది మూసుకుపోతే కొంత దూరం నడిచి ఆగిపోద్ది. మూత ఓసారి తీసి పెడితే చాలు, మళ్ళీ నడుస్తాది."

ఆ బెజ్జం నిండా రాయిలా గట్టిపడిన పసుపు. పైన కుంకుమ.

అత్తయ్య శుక్రవారం శుక్రవారం కారుకి బొట్టు పెట్టేవారు. అందరిలా బానెట్ మీద కాదు, ఆ మూత మీద. "బండి తినేది ఆ నోటితోనే కదే, మరి బొట్టు అక్కడేగా పెట్టాలి" అనేవారు నవ్వుతూ.

మా వారూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఈ మాట ఆవిడ చెవిన పడకూడదు అనుకున్నాం. కొత్త మూత అప్పటికే బిగించి ఉంది. దాని బెజ్జం శుభ్రంగా ఉందో లేదో నేనే సూది పెట్టి చూశాను.

ఆత్రేయపురం దాటాక కారు రెండుసార్లు దగ్గినట్టు ఊగి ఆగిపోయింది. లైట్ల వెలుగులో మంచు పొగలా కదులుతోంది. పక్కన కాలవ నీళ్ళు పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నీ కారు నడక చూస్తే పుష్కరాలకి చేరేట్టున్నాం" అన్నారు అత్తయ్య.

"నడిపేవాణ్ణి కన్నది నువ్వే కదమ్మా" అంటూ మా వారు దిగి వెనక్కి వెళ్ళారు. మూత తిప్పిన కిర్రుమనే చప్పుడు. ఆ తర్వాత...

హుస్స్...

గాలి లోపలికి వెళ్తున్న చప్పుడే. దొరబాబు చెప్పిందే. కానీ ఎంతకీ ఆగలేదు. పొడుగ్గా, గొంతులో పిల్లికూతలు కలిసి, ఎవరో ఆయాసపడుతూ పీల్చుకున్నట్టు. పెట్రోలు వాసనలో ఇంకో వాసన. ఛాతీకి రాసే బామ్ వాసన.

అత్తయ్య చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. గాలి అందడం లేదు. చప్పుడు ఆగాక గానీ ఆవిడకి దగ్గు రాలేదు.

"ఏం లేదే. చలిగాలి" అన్నారు.

కారు కదిలింది. కాస్త దూరం వెళ్ళి మళ్ళీ ఆగింది.

ఈసారి మా వారు టార్చి వేసి చూశారు. "బెజ్జం మూసుకుపోయింది ఫణీ. తడిగా ఉంది." కిటికీలోంచి నాకు వేలు చూపించారు. పసుపు. "అమ్మా, బొట్టు గానీ పెట్టావా?"

"నాకు పసుపెక్కడిదిరా? మీ నాన్నగారు పోయాక ముట్టుకున్నానా?"

మూత తీశారు. మళ్ళీ ఆ చప్పుడు. ఇంకా పొడుగ్గా. అత్తయ్య తల నా భుజం మీద వాలిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. నేను నామం చెప్పుకుంటున్నాను గానీ నాకే వినపడటం లేదు. లోపలికి పోతున్నది ఎవరి ఊపిరో అప్పుడు అర్థమైంది.

మూడోసారి ఆగిన చోటు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు తూముల మధ్య కాలవగట్టు. మామగారు పోయింది అక్కడే.

దిగి వెళ్ళి మా వారి చెయ్యి పట్టుకున్నాను.

"తియ్యకండి. మీరు మూత తీసినప్పుడల్లా అత్తయ్యకి ఊపిరి ఆడట్లేదు."

"తియ్యకపోతే కదలదే. అంబులెన్సుకి ఫోన్ చేస్తే రావడానికి అరగంట పడుతుందన్నారు. ఇక్కడే ఉంటే నాన్నగారిలాగే..." ఆపేశారు.

కారు లోంచి సన్నగా అత్తయ్య గొంతు.

"తియ్యరా."

"అమ్మా..."

"దొరబాబు చెప్పినప్పుడు కిటికీ దగ్గరే ఉన్నాను. నా చేత్తో మూసిందే కదరా అది. ఆయనకి ఆ రోజు అందలేదు. తీసుకోనీ."

మా వారు మూత తీశారు. చప్పుడు మొదలైంది. వెనక సీట్లో అత్తయ్య వేళ్ళు అద్దాన్ని గీరుతున్నాయి.

నేను ట్యాంకు నోటి ముందు చేతులు జోడించాను. ఆయన ముందు ఏనాడూ గొంతెత్తని దాన్ని. ఆ రోజూ ఎత్తలేదు.

"మామయ్యగారూ... చాలండి. మిగిలింది మాకు వదిలెయ్యండి."

పీలుస్తున్న చప్పుడు మధ్యలో ఆగింది. అంతే. మా వారిని మూత మళ్ళీ పెట్టనివ్వలేదు, నా సంచిలో వేసుకున్నాను. దొప్పలు చుట్టిన పంచె ముక్క తెచ్చి ట్యాంకు నోటికి కట్టాను. కారు ఇక ఎక్కడా ఆగలేదు. బ్యారేజీ దాటేసరికి అత్తయ్య కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగారు.

రాజమండ్రి రేవులో వెలుగు వచ్చాక, సంచిలోంచి మూత తీసి చూశాను. పైన ఒక్క మరక లేదు. తిప్పాను. లోపలి వైపు, బెజ్జానికి ఆనించి నొక్కిన బొటనవేలి ముద్ర. ఇంకా తడి ఆరని పసుపు. అడ్డంగా ఓ గాటు గీత.

గోదాట్లో కడిగేశాను. మా వారికి చెప్పలేదు.

కారు ఇప్పుడు పాకలోనే ఉంది. మా వారు మూత మళ్ళీ బిగిస్తానంటే అత్తయ్య వద్దన్నారు. "మళ్ళీ మూస్తావా?" అని ఒక్క మాట అడిగారు. అందుకని ఆ పంచె ముక్క అలాగే ఉంది.

నిన్న సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్తూ పాక వైపు చూశాను. గాలి లేదు. ఇంజిన్ వేసి ఎన్నాళ్ళైందో. గుడ్డ మెల్లిగా బయటికి ఉబ్బింది. మెల్లిగా లోపలికి కుంగింది. మళ్ళీ ఉబ్బింది. గదిలో పడుకున్న అత్తయ్య ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది, సరిగ్గా అదే లయలో.

ఇంకోసారి లోపలికి కుంగింది. గదిలో ఊపిరి చప్పుడు ఆగింది.

నేను దీపం పట్టుకుని, గుడ్డ వైపే చూస్తూ నిలబడిపోయాను. అది ఈసారి బయటికి రావడం లేదు.