కాశీ బస్సులో నాలుగు తులాలు

ఉదయం 7:20.

అనంతగిరి ఘాట్‌రోడ్డు ముందూ మూసుకుపోయింది, వెనకా మూసుకుపోయింది. రెండు చోట్ల కొండచరియలు విరిగిపడ్డాయి. మధ్యలో కాశీ నుంచి తిరిగొస్తున్న యాత్ర బస్సు. అందులోని ఇరవై ఆరుగురూ రాత్రంతా ఒక కాఫీ గోడౌన్‌లో ఇరుక్కుపోయారు. ఉన్నది ఒకటే కిటికీ. బయట వాన.

ఎస్సై భాను బురదలో మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఆవిడ వచ్చేసరికే దొంగను సిద్ధం చేసి ఉంచారు, గదిలో పెట్టి తాళం వేసి మరీ!

"బస్సు క్లీనర్ సుక్రు, మేడమ్. పెదబయలు వాడు," అన్నాడు టూర్ మేనేజర్ మంగరాజు. "బస్సులో వదిలిన సంచిలోంచి రత్నాలు గారి గొలుసు పోయింది. నాలుగు తులాలు. నిన్న సాయంత్రం 4:40కి సీతాఫలాల బండి దగ్గర బస్సు ఆపాం. ఇరవై నిమిషాలు. అందరం దిగి బండి చుట్టూ చేరాం. బస్సు దగ్గర వీడొక్కడే ఉన్నాడు."

"గొలుసు దొరికిందా?"

"లేదు. ఎక్కడో పారేసి ఉంటాడు."

"నాలుగు తులాలు కొట్టేసి పారేశాడా? భలే దొంగే!"

గది తలుపు తెరిపించింది. గోనెసంచుల మధ్య కూర్చుని ఉన్నాడు సుక్రు. ముప్పై ఏళ్ళుంటాయి. పెదవి చిట్లింది. నిన్న మధ్యాహ్నం నుంచి తిండి లేదు. చూడగానే కొట్టినవాళ్ళ మీద భానుకి ఒళ్ళు మండింది.

"బస్సు ఆగినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"ఎనక టైర్ల మజ్జిన రాయి ఇరుక్కుంటే తీత్తన్నాను మేడం. బస్సు కింద ఉన్నాను. పైన అడుగుల సప్పుడు ఇనబడింది. ఎవులో కనబడనేదు."

"వీళ్ళకి చెప్పావా?"

"సెప్పినాను. నా మాటెవులింటారు? కాశీలో ఐదు రోజులు అందరి సామాన్లూ నానే కాసినాను. తీసీవోణ్ణయితే అప్పుడే తీసీనా? పదకొండుకి దారి తెరుత్తారంట. తెరిసినాక నాను జైలుకే. ఇంక నాకెవులు పనిత్తారు?"

రత్నాలుకి అరవై ఏళ్ళు. ఎస్.కోట దగ్గర పల్లె. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"గొలుసు సంచిలో ఉందని ఎవరికి తెలుసమ్మా?"

"అందరికీ సెప్పీసినాను తల్లీ. నా నోరు ఊరుకుంటాదేటి?"

"సరే, ఏడవకండి. కాశీలో ఏమేం చూశారు?"

ఆ మాటతో రత్నాలు ముఖం కాస్త తేరుకుంది.

"ఇస్సనాథుణ్ణి సూసినాం. అన్నపూర్ణమ్మని సూసినాం. పడవెక్కి గాట్లన్నీ తిరిగినాం. ఆకర్రోజు గంగలో మునిగి తలొకటి తినడం వదిలీసినాం. నాను కాకరకాయ వదిలీసినాను. ఎలాగూ తిననేను కదా! మంగరాజు సపోటా వదిలీసినాడు. మా వరహాలరావు బావయితే సీతాఫలమే వదిలీసినాడమ్మా, సచ్చిపోయిన తల్లి పేరు సెప్పుకుని ఏడుత్తా. ఆయనకదంటే పేనం."

8:40. భాను ఒక్కొక్కరినే పిలిచింది. ఒకరికొకరు సాక్ష్యం చెప్పారు. సాక్షి లేనివాళ్ళు ఇద్దరే మిగిలారు.

మంగరాజు ఫోన్లో ఉన్నానన్నాడు. కాల్ లాగ్ చూపించాడు. 4:39 నుంచి 5:01 దాకా ఒకటే కాల్.

రెండోవాడు వరహాలరావు. కిరాణా వ్యాపారి. నుదుటి నిండా విభూతి.

"బస్సు ఆగినప్పుడు ఎక్కడున్నారు?"

"సీతాఫలాల బండి కాడే."

"ఏం చేస్తున్నారు?"

"అందరూ ఏటి సేత్తన్నారో నానూ అదే. పళ్ళు తిన్నాను."

"ఎన్ని?"

"రెండు."

"బస్సెక్కలేదా?"

"నేదమ్మా. గింజలు ఊసుకుంటా రోడ్డు మీదే నిలబడ్డాను."

"మంచిది. వెళ్ళండి."

10:35. కింద మలుపులో జేసీబీ మోత వినిపించింది. అందరూ సంచులు సర్దుకున్నారు. సుక్రుని ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు.

భాను రత్నాలు సంచిలోంచి ఒక సీతాఫలం తీసి బల్ల మీద పెట్టింది.

"వరహాలరావు గారూ, ఇది తినండి."

ఆయన చెయ్యి ముందుకొచ్చి ఆగింది.

"ఇప్పుడొద్దమ్మా. కడుపు బాగోనేదు."

"నిన్న రెండు తిన్నారుగా! ఈ ఒక్కటికేం? ఒక్క తొన నోట్లో వేసుకోండి చాలు. మీ మాట నమ్మేస్తాను."

వరహాలరావు పండు వైపు చూశాడు. గంగను తలుచుకున్నాడో, తల్లిని తలుచుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బావా!" అంది రత్నాలు. "నువ్వది వదిలీసినావు కదా! నిన్నెలా తిన్నావు?"

"తినలేదమ్మా," అంది భాను. "అలవాటు నలభై ఏళ్ళది, మొక్కు నాలుగు రోజులది. ఏం చేశారని అడగ్గానే పాత అలవాటే నోటికొచ్చింది. తినకపోతే ఆ ఇరవై నిమిషాలూ ఈయన ఏం చేసినట్టు? వరహాలరావు గారూ, అబద్ధం గంగమ్మకి చెప్పారా, నాకు చెప్పారా?"

వరహాలరావు తన సంచి దగ్గరికి నడిచాడు.

"మాయమ్మ మీద ఒట్టేసి వదిలినాను. తిననేను," అన్నాడు. తన ఫ్లాస్కు తీసి మూత తిప్పాడు. అడుగున గొలుసు ఉంది. "సేతికందింది తల్లీ. బుద్ధి గడ్డి తింది."

ఆయన్ని ఎవరూ కొట్టలేదు. సుక్రుని పట్టుకున్నవాళ్ళు మెల్లగా చేతులు వదిలారు. రత్నాలు అతని ముందుకొచ్చి చేతులు జోడించింది.

"తప్పయిపోయింది నాయినా."

సుక్రు ఆవిడ చేతులు దించాడు.

"కాశీ గుడి ఎలాగుంటాదమ్మా? మూడుసార్లు ఎల్లినాను. పార్కింగే సూసినాను."

సుక్రు బల్ల వైపు తిరిగాడు.

"మేడం, ఆ పండు కేసుకి కావాలా? ఆకలేత్తంది."

భాను పండు అతని చేతిలో పెట్టింది.

11:10కి దారి తెరుచుకుంది. సుక్రు తినడం అయ్యేదాకా బస్సు కదలలేదు.