చల్లారిన గ్లో ప్లగ్గులు

"ఇంకోసారి కొట్టు!"

సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, చచ్చిపోయింది. లారీ ఛాసిస్ కింద వెల్డింగ్ చేసిన ఇనుపపెట్టెలో గడియారం మాత్రం టిక్ టిక్ అంటూనే ఉంది.

సీక్రెట్ ఏజెంట్ అనంతయ్య అరచేతులు చెమటతో తడిసిపోయాయి. 1942 జనవరి, గద్వాల గూడ్స్ యార్డు. లారీ పక్కన కాపలావాళ్ల చలిమంట బూడిదైంది. ఎముకలు కొరికే పొద్దుటి చలి, అయినా చెమటే. వేరుశనగ బస్తాల లారీకి ఆనుకునే మిలిటరీ వ్యాగన్లు, వాటి నిండా ఫిరంగి గుండ్లు. వాటిని లాగాల్సిన రైలింజన్ నీళ్లకు పోయింది. గోడ అవతల నేతగాళ్ల వీధులు అప్పుడే నిద్ర లేస్తున్నాయి. ఇది పేలితే ఆ వీధులుండవు.

జర్మన్ గూఢచారుల కోడ్ మెసేజ్ విప్పేసరికే ఆలస్యమైంది. పెట్టె తెరిస్తే పేలుతుంది. తోద్దామంటే లోడు బండి, ముందు ఎత్తు. స్టార్ట్ చేసి తోలుకుపోవడం ఒక్కటే దారి.

"నేను పోత సార్," అన్నాడు డ్రైవర్ కురుమయ్య. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "పిల్లలు గలోణ్ణి. కిరాయికి తోలుకొచ్చిన. బాంబు సంగతి నాకేం తెల్వదు."

"పో. ఒక్క ముచ్చట చెప్పి పో. నిన్న అయిజ ఊర్ల మంచిగ స్టార్టయిందా?"

"ఒక్క ఏటుకే! ఈడ పెట్టినంకనే గిట్ల మొండికేసింది. గా మెకానిక్ దేవరాజే ఏదో జేసిండు. వాని మొగమే దొంగ మొగం."

పోతానన్నవాడు పోలేదు. స్టీరింగ్ ముందే కూర్చున్నాడు.

దేవరాజుకు పోలీసు అమీన్ అప్పటికే సంకెళ్లు వేశాడు. రాత్రి బానెట్ ఎత్తినవాళ్లు ఇద్దరే: రేడియేటర్‌లో నీళ్లు పోసిన దేవరాజు, బాంబే డాన్సర్ వేషంలో వచ్చి లారీ తనిఖీ చేసిన డిపార్ట్‌మెంట్ ఏజెంట్ రాజేశ్వరి. ఆమె రిపోర్టు రెండు మాటలే. 'ఆల్ క్లియర్.'

"కురుమయ్యా, కీ తిప్పి పట్టుకో. డాష్‌బోర్డు మీద తీగచుట్ట ఎర్రబడుతుందా?"

"లేదు సార్. నల్లగనే ఉంది."

తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ అందుతోంది, మండడం లేదు. బ్యాటరీ బాగుంది. అంటే చల్లటి ఇంజన్‌ను లోపలి నుంచి వేడెక్కించే గ్లో ప్లగ్గులకు కరెంటు లేదు. ఈ ఇంజన్‌లో అవి దండలో పూసల్లా ఒకదాని వెంట ఒకటి. ఒక్కచోట తెగితే అన్నీ చల్లారతాయి.

వేళ్లతో తీగను తడుముతూ పోయాడు. చివరి ప్లగ్గు దగ్గర గుడ్డచుట్టు ఉబ్బెత్తుగా తగిలింది. విప్పాడు. తెగిన తీగ కొసలు పొందికగా మెలివేసి ఉన్నాయి, రాగికి రాగి తగలకుండా మధ్యలో దారం చుట్టి. మెలిక నిండా బూడిద.

గ్రీజు కాదు, బూడిద! అనంతయ్య దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

దారం పీకి పారేసి, కొసలు గీకి, గట్టిగా మెలిపెట్టాడు.

"ఎర్రబడ్తుంది సార్!"

"ఆగు. నిండా ఎర్రబడనీ."

"ఎంతసేపు సార్, సస్తం!"

"తొందరపడితే నిజంగనే సస్తం. ఆగు... కొట్టు!"

ఇంజన్ గర్జించింది. అనంతయ్య పక్కన ఎక్కగానే కురుమయ్య గేటు విరగ్గొట్టుకుంటూ తోలాడు. ఊరి బయట రాళ్ల గుట్ట మలుపులో ఇద్దరూ దూకారు. లారీ పల్లంలోకి దొర్లింది. భూమి అదిరింది. కాసేపు మాడిన వేరుశనక్కాయల వాన కురిసింది.

"గీ లారీకి షావుకారుకు ఏం జవాబు చెప్పాలె సార్?" అన్నాడు కురుమయ్య, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

యార్డుకు తిరిగొచ్చేసరికి రాజేశ్వరి ఎదురొచ్చింది. పట్టుచీర, సెంటు వాసన.

"థాంక్ గాడ్! ఆ దేవరాజును నేనే పట్టించాను, తెలుసుగా?"

అనంతయ్య అమీన్ వైపు తిరిగాడు. "దేవరాజు సంకెళ్లు విప్పండి. మెకానిక్ చెయ్యి పడితే తీగకు గ్రీజంటుతది. దీనికి చలిమంట బూడిదంటింది. పాత పోగుకు కొత్త పోగు అతికేటప్పుడు వేళ్లకు బూడిద అద్దుకునేది మగ్గమున్న ఇండ్లల్ల పెరిగినోళ్లే."

"ఈ ఊరినిండ మగ్గాలే గదా సాబ్!"

"రాత్రి బానెట్ ఎత్తింది ఇద్దరే. దేవరాజు తాతల నుంచి కమ్మరి. రెండోవాళ్లు బొంబాయిలో పుట్టి, మగ్గమే చూడలేదని సర్వీస్ పేపర్లలో రాయించుకున్నరు."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి జారింది. అనంతయ్య ఆ మణికట్టు పట్టేశాడు. చిన్న పిస్తోలు నేలమీద పడింది.

"బెర్లిన్ నీకు అన్నీ నేర్పింది. అమ్మ నేర్పింది మాన్పించలేకపోయింది."

"పంచనామాకు పేరు గావాలె సాబ్," అమీన్ కాగితం తీశాడు. "దేవరాజు పేరు కొట్టేసి ఎవరిది రాయాలె?"

"రాజేశ్వరి."