మునగని బొగ్గు

ఆంథోని చచ్చేటప్పుడు మాస్క్ మొహం మీదే ఉంది. పట్టీలు బిగించి, బకిల్ పెట్టి, అంతా పద్ధతిగా. ములకలపల్లి అడవి అంచున ఉన్న భూగర్భ డిఫెన్స్ ల్యాబ్‌కు సేఫ్టీ ఆఫీసర్ అతను. కొత్త మాస్క్‌ను తన మీదే టెస్ట్ చేసుకున్నాడు. పనిచేయలేదు.

పాల్వంచ గెస్ట్‌హౌస్‌లో ఏజెంట్ క్రిస్టోఫర్ ఆ మాస్క్ డబ్బా కోసి, లోపలి బొగ్గు పలుకులు గ్లాసు నీళ్లలో వేశాడు. దర్జాగా తేలాయి. ఒక్క బుడగ లేదు.

"సార్, ఇది కుంపట్ల ఏసే బొగ్గు," అన్నాడు ఫోన్‌లో.

"బొగ్గు బొగ్గే కదయ్యా!" చీఫ్ భాస్కర్ విసుక్కున్నాడు.

"కాదు సార్. అసలుదాన్ని కొబ్బరిచిప్పలు కాల్చి, ఎర్రటి వేడి మీద ఆవిరి పట్టించి చేస్తరు. కంటికి ఆనని బొక్కలు పడ్తయ్. ఒక్క చెంచాల అరెకరం గోడలు! గాలి పోతుంటే విషం ఆ గోడలకు అతుక్కుంటది, మంచిగాలి బయటికొస్తది. నీళ్లల్ల ఏస్తే బుస్సుమని మునగాలె."

"సప్లై చేసింది మన కాంట్రాక్టర్ జెస్సికా. కిందికి గాలి పంపే బ్లోయర్ ఫిల్టర్‌లోనూ ఆమె సరుకే." చీఫ్ తొందరగా చెప్పుకుపోయాడు. "ఇప్పుడే విదేశీ ముఠా సిగ్నల్ పట్టినం. ఒంటిగంటకు బ్లోయర్‌లో గ్యాస్ వదుల్తరు. లిఫ్ట్ ఇప్పటికే లాక్ చేసిన్రు. కింద ముప్పై మంది. అసలు బొగ్గు ఆమె గోడౌన్‌లనే ఉంది. దాని పాస్‌వర్డ్ కూడా ఆ సిగ్నల్‌లనే దొరికింది. చెప్త, గుర్తుపెట్టుకో."

ఆ ముప్పై మందిలో నర్సు బ్లెస్సీ ఉంది. క్రిస్టోఫర్ సొంత చెల్లెలు. అతను జీపు తాళాలు అందుకున్నాడు.

గోడౌన్ ముందు లారీ క్లీనర్ వేషంలో జీపు దిగాడు. కాపలా హీరాలాల్ తుపాకీ మీద చెయ్యేశాడు.

"మిర్చి ఘాటెంత?"

"తల్లాడ దాటినా తుమ్ములే."

పాపం హీరాలాల్! రెండు బస్తాలూ తనే మోసి జీపులో వేశాడు.

ల్యాబ్ పైన, నేల మీదున్న బ్లోయర్ రూమ్‌లో క్రిస్టోఫర్ ఫిల్టర్ ట్రేలు లాగి దొంగబొగ్గు పారబోసి, అసలుది కుమ్మరించాడు. మిగిలింది తన మాస్క్ డబ్బాలో కూరాడు. వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"ఏంది క్రిస్, చేతులన్నీ మసి చేసుకున్నవ్?" జెస్సికా. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు. "కొత్త బొగ్గు పోసినవా? కిందోళ్లు దక్కినా నువ్వు దక్కవ్. నీ మాస్క్ నా లాట్‌దే. తూటా ఎందుకు దండగ?"

బ్యాగ్‌లోంచి తన మాస్క్ తీసింది. డబ్బా సీల్ ఎప్పుడో కోసేసి ఉంది. గుప్పున డీజిల్ వాసన.

క్రిస్టోఫర్‌కు అర్థమైపోయింది. పాల్వంచ కరెంటు ప్లాంటు కాలనీలో పెరిగిన పిల్ల. హడావిడిలో చేతులు వణుకుతాయని సీల్ ముందే కోసి పెట్టుకోవడం షిఫ్టు మనుషుల అలవాటు. ఆమె ఆ మాస్క్‌ను ఇన్నాళ్లూ తన జీపులో డీజిల్ క్యాన్ పక్కన పడేసింది. లోపల అసలు బొగ్గే అయినా దాని గోడలన్నీ డీజిల్ ఆవిరితో నిండిపోయాయి. ఇక విషానికి చోటెక్కడిది?

చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. అతను నోరు మూసుకుని తన మాస్క్ బిగించుకున్నాడు.

ఆమె తన మాస్క్ తగిలించుకుని రిమోట్ నొక్కింది. సిలిండర్ బుసకొట్టింది. జెస్సికా నవ్వుతూ అతని మొహంలోకే చూస్తోంది, ఎప్పుడు కూలుతాడా అని. ముందు ఆమె మోకాళ్లు వంగాయి. గోళ్లతో నేల గీరింది. అతను కదల్లేదు.

ఇంటర్‌కామ్ గరగరలాడింది. "అన్నా! మాకేం గాలే. గాలి బాగానే వస్తున్నది, జెర మసి రాలుతున్నదంతే." బ్లెస్సీ గొంతు వినగానే క్రిస్టోఫర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

సాయంత్రం చీఫ్ అడిగాడు, "ఆమెకు ఒక మాట చెప్పే టైమ్ లేకుండెనా?"

"ఉండె సార్," అన్నాడు క్రిస్టోఫర్ చేతులు కడుక్కుంటూ. "మాస్కులు అమ్మే మనిషికి మాస్క్ గురించి నేనేం చెప్త?"