మనిషి లేకుండా ఊగిన వంతెన

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మేస్త్రీ పెళ్ళాం. ఎవర్నీ వెనకేసుకు రాకుండా చెప్పింది, అందుకే నమ్మాను. తక్కినవాళ్ళు చెప్పేదంతా నోటికొచ్చిన కల్పన.

మిల్లుకీ, పనివాళ్ళ ఇళ్ళకీ మధ్య వాగు మీద ఇనుప తాళ్ళతో వేలాడే వంతెన ఒకటుంది. అప్పట్లో చీకటి పడితే దాని మీద కాలు పెట్టే మొనగాడు లేడు. మనిషి లేకపోయినా ఊగుతుందని... కింద ఎవరో మూలుగుతారని... రాత్రి షిఫ్టు వాళ్ళు చుట్టు తిరిగి రోడ్డు మీదుగా పోయేవాళ్ళు.

దాన్ని కట్టింది మేస్త్రీ. ప్రతి బోల్టూ తన చేత్తో బిగించినవాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మేస్త్రీ బిగింపు వదులు," అన్నాడు మిల్లు మేనేజరు, నలుగురిలో. తెల్లారితే వంతెనను ముక్కలు కోసి పాత ఇనుము కింద అమ్మేస్తారట. ఆ తర్వాత మేస్త్రీని పనికి పిలిచేదెవరు?

"వదులా! నా బిగింపా!" ఆ రాత్రే సుత్తీ, ఉలీ, రెంచీ పట్టుకుని లేచాడు.

"నిజంగా దెయ్యముంటే?" పెళ్ళాం చెయ్యి పట్టుకుంది.

"దానికీ నాలుగు చీవాట్లు పెడతాను."

టార్చీ వేసి ఒక్కో బోల్టూ చూసుకుంటూ నడిమికి చేరాడు. ఒక్కటీ వదులు లేదు. వాగు మీద గాలి రేగింది...

వంతెన కదిలింది.

మెల్లగా అటు... ఇటు... ఊపు ఊపుకీ పెరుగుతోంది. మేస్త్రీ కమ్మీ పట్టుకుని కూలబడ్డాడు. కాళ్ళ కింద — మూలుగు. వెనక — అడుగులు.

"బావా..."

మేస్త్రీ తిరిగి చూస్తే — బావమరిది, మిల్లులో వెల్డరు.

"చచ్చాననుకున్నాన్రా వెధవా!"

"అక్క పంపింది. బావా... కింద... మూలుగుతోంది."

మేస్త్రీ బోర్లా పడుకుని కిందికి టార్చీ వేశాడు. అక్కడో పెద్ద ఇనుప దిమ్మ వేలాడుతుంటుంది. వంతెన ఒక పక్కకు ఊగితే అది రెండో పక్కకు ఊగి, ఆ ఊపును మింగేస్తుంది. ఇంజనీరు కొలత వేసిచ్చాడు, మేస్త్రీ వేలాడదీశాడు. ఊగడమే దాని పని.

ఇప్పుడది ఊగట్లేదు. దూలానికి అతికించి, లావుపాటి వెల్డింగు. ఆ అతుకు దగ్గరే ఇనుము మూలుగుతోంది.

"ఎవడ్రా దీన్ని అతికించింది?"

బావమరిది టార్చీ వెలుగులోంచి పక్కకు జరిగాడు.

"నిన్నే!"

"నేనే బావా... రంగులేసేటప్పుడు చూశా. ఊగుతోంది. నువ్వు బిగించడం మర్చిపోయావనుకున్నా. తనిఖీ వాళ్ళు చూస్తే నీ పరువు పోతుందని... గుట్టుగా..."

"నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందిరా!"

"అడిగితే తిడతావు కదా బావా."

ఇద్దరూ కలిసి అతుకు తెగ్గొట్టారు. దిమ్మ ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగింది. వంతెన నిలిచింది.

తెల్లారి మేనేజరు వంతెన మీద అటూ ఇటూ నడిచాడు. కోత మానుకున్నాడు. కానీ అన్నాడు కదా — "చూశారా, రాత్రికి రాత్రి వచ్చి బోల్టులు బిగించుకున్నాడు!"

జనం పకపకా నవ్వారు. మేస్త్రీ బావమరిది వైపు చూశాడు. బావమరిది నేల వైపు చూశాడు. నిజం చెబితే పిల్లలుగల వాడి ఉద్యోగం ఊడుతుంది. మేస్త్రీ పళ్ళు బిగించుకుని ఇంటికి పోయాడు. కన్ను మూసేదాకా 'వదులు మేస్త్రీ' అనే పేరు మోశాడు.

ఆ వెల్డరు ఇంకా బతికే ఉన్నాడు. రిటైరై పింఛను తింటున్నాడు, ఇక ఊడేదేమీ లేదు. మీలో ఎవరికైనా ఎదురుపడితే, నలుగురిలో నిలబెట్టి ఆ ఒక్క మాటా వాడి నోటితో చెప్పించండి.